అవ్వ తోమిన బొమ్మ

ఈస్టర్ ముందటి శనివారం మా అవ్వ పెంటమ్మ, శారదమ్మ గారి కంచు బొమ్మను తోమేసింది. తోమమని ఎవరూ చెప్పలేదు. మా సొంతూరు ముడిమ్యాలలో ఉన్నన్నాళ్లూ ఆ శనివారం చర్చి సామాను తోమే పని అవ్వదే. కానుక పళ్లేలు, ప్రభువు బల్ల గిన్నెలు, చేతి గంట అన్నిటికీ చింతపండు గుజ్జూ బూడిదా పట్టించి, కొబ్బరి పీచుతో రుద్ది, తెల్లారేసరికి ముఖం చూసుకునేలా చేసేది. వానలకు మా పెంకుటిల్లు కూలిపోయి, మేము జన్వాడ దగ్గర ముకుందం సేటు ఫామ్‌హౌస్‌కు కాపలాకు వచ్చాక ఆ పని చేయి జారింది. ఆ రోజు వస్తే అవ్వ చేతులు మాత్రం ఊరుకునేవి కావు.

ఆ బొమ్మ వరండాలో ద్వారం పక్కన ఉండేది. పదేళ్ల పిల్లంత ఎత్తు. రెండు చేతులా ప్రమిద పట్టుకుని నిలబడిన ఆడమనిషి. సేటు భార్య శారదమ్మ గారికి పుట్టింటి నుంచి వచ్చిన బొమ్మ అది. ఒళ్లంతా నల్లగా, మెడ కిందా జడ వెంటా చీర కుచ్చిళ్లలోనూ పచ్చగా చిలుము పట్టి ఉండేది.

నేను మొయినాబాద్‌లో జిరాక్స్ షాపులో పని ముగించుకుని వచ్చేసరికి వరండా వెలిగిపోతోంది. అవ్వ మెట్టు మీద కూర్చుని ఉంది. వేళ్లు నల్లగా నాని ముడతలు పడ్డాయి.

“చూసినవా బిడ్డా, దీనికి ముక్కుపుల్ల గూడ ఉన్నదే. ఇన్నేండ్ల సంది చిలుం కింద దాసుకున్నది.”

బాపు దూరం నుంచీ దగ్గర నుంచీ చూశాడు. “శారదమ్మ వస్తే మురుస్తది” అన్నాడు. అమ్మ కూడా మెచ్చుకుంది. శారదమ్మ గారు అప్పుడు బెంగళూరులో ఉన్నారు. కూతురు హర్షితకు పురుడు. జూన్‌లో గాని రారు. సేటుకు చేవెళ్ళలో సిమెంటు దుకాణం. భార్య లేకుండా ఫామ్‌హౌస్ ముఖం చూడడు.

వారం తరువాత కిటికీ పరదాల కొలతలు తీసుకోవడానికి పట్నం నుంచి ఒకామె వచ్చింది. వరండాలోకి అడుగుపెట్టి, టేపు చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది.

“ఎవరు చేశారండీ ఇది?”

“మేమే తోమినం మేడం” అంది అమ్మ, మెచ్చుకుంటుందనుకుని.

“అయ్యో! ఆ పచ్చదనమే కదండీ దాని అందం! యాంటిక్‌ను ఎవరైనా తోముతారా? అది అట్లా రావడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో. మేడం చూస్తే ఏమంటారో ఏమో.”

తరువాత ఆమె తన పని తాను చేసుకుంది. వెళ్లేటప్పుడు మాత్రం గేటు దగ్గర బాపుతో ఒక మాట చెప్పింది. ఎక్కడో ఇంకో ఫామ్‌హౌస్‌లో ఖరీదైన కార్పెట్‌ను వాచ్‌మన్ భార్య సబ్బుపొడి పెట్టి ఉతికిందట. ఆ వారమే వాళ్లను పంపించేశారట.

ఆ పూట ఎవరమూ సరిగ్గా తినలేదు. కాపలా పోతే ఫామ్‌హౌస్ వెనక మా రెండు గదులూ పోతాయి. వాటితో పాటు బాపు నాటిన జామ తోట కూడా. ఆ ఏడే దాని మొదటి కాపు. బాపు పొద్దునా సాయంత్రం నీళ్లు పెడుతూ ఒక్కో చెట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడేవాడు.

అవ్వ వరండా వైపు వెళ్లడం మానేసింది. ఒకరోజు అన్నం ముందర కూర్చుని బాపుతో, “తప్పు జేస్తే ఏసయ్య ముంగట ఒప్పుకుంటం గద. శారదమ్మ ముంగట గూడ ఒప్పుకుందాం సామేలూ. ఫోన్ చెయ్యి” అంది.

“ఏసయ్య ఇల్లు ఖాళీ చెయ్యమనడు అవ్వా” అన్నాడు బాపు.

బాపు ఇంకో దారి వెతికాడు. మొయినాబాద్‌లో గేట్లకు వెల్డింగ్ చేసే పాండును తీసుకొచ్చి చూపించాడు. పాండు బొమ్మ చుట్టూ తిరిగి, వేలితో టంగుమని కొట్టి చూశాడు.

“దీనికేమున్నదన్నా? యాసిడ్ రుద్ది మీదికెళ్లి గ్రీన్ స్ప్రే కొడితే సేటుకు గాదు, పోత పోసినోనికి గూడ తెల్వది. నిన్న చేసిన గేట్లకే వందేండ్ల పాతదనం తెస్తున్న నేను. జర ఫికర్ చెయ్యకు.”

బాపు ముఖంలో అన్ని రోజుల తరువాత కాస్త రంగు కనిపించింది. మే నెలలో ఒక శనివారం వస్తానని పాండు మాటిచ్చాడు. నాకు మాత్రం ఆ గ్రీన్ స్ప్రే మాట మింగుడు పడలేదు. కాని వద్దని చెప్పడానికి నాకు తెలిసిందేమిటి?

ఆ రోజుల్లోనే మా షాపుకు ఒకాయన రంగు పోస్టర్లు తీయించుకోవడానికి వచ్చాడు. పేరు హరీష్. శనివారాల్లో చిన్న చిన్న గుంపులను సాలార్‌జంగ్ మ్యూజియంకు తీసుకెళ్లి, ఒక్కో వస్తువు ముందర ఆపి దాని సంగతి తెలుగులో చెబుతాడట. గుంపుకు పది మంది కూడా ఉండరట. పోస్టరు మీద ఒక కంచు బొమ్మ ఫోటో. ఒళ్లంతా పచ్చగా ఉంది. మెషిన్‌లోంచి ఒక్కో కాగితమూ ఆ పచ్చదనంతో బయటికి వస్తుంటే అలాగే చూస్తూ ఉండిపోయాను.

“నచ్చిందా? రారాదు మీరు గూడ” అన్నాడాయన.

వెనక జనం నిలబడి ఉన్నారు. అడగాల్సింది అక్కడ అడగలేకపోయాను. “ఇద్దరం వస్తం సార్” అన్నాను.

రెండో మనిషి అవ్వ. నేను అడగకముందే, “నేను చేసిన తప్పు, నేనే అడిగి తెలుసుకుంట” అంది. ఆ గుంపు బయల్దేరే శనివారమూ పాండు వస్తానన్న శనివారమూ ఒకటే అయ్యింది.

“మేము అడిగి వచ్చే దాంక ఆగు బాపూ.”

“పెండ్లిళ్ల సీజను బిడ్డా. వాడు మళ్ల దొరకడు. పగటీలి పన్నెండు దాంక ఆపుత. ఆ తర్వాత నా చేతుల లేదు.”

పొద్దున్నే మొయినాబాద్‌లో బస్సెక్కాము. అవ్వ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టింది. కండక్టర్ అడగకముందే ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని, దాన్ని కొంగున ముడేసుకుంది. మెహదీపట్నంలో బస్సు మారి అఫ్జల్‌గంజ్‌లో దిగి, మూసీ పక్కన నడిచి మ్యూజియం చేరుకున్నాము. అప్పటికి మిగతావాళ్లు వచ్చేశారు. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, పెళ్లయి కొన్నాళ్లే అయినట్టున్న ఒక జంట, అన్నిటికీ తల ఊపే ఒక రిటైర్డ్ ఆయన.

మొదటి గది గడప దగ్గర అవ్వ చెప్పులు విడిచింది.

“ఇది గుడి గాదమ్మా, వేసుకోండి” అన్నాడు హరీష్.

“గుడి గాకున్న గింత సల్లగ, గింత సాఫ్‌గ ఉన్నది. ఎట్ల తొక్కుత సారూ?” అని చెప్పులు సంచిలో పెట్టుకుంది అవ్వ.

నా ధ్యాసంతా కంచు బొమ్మల గది మీదే. ఆయన మాత్రం తొందరపడే మనిషి కాడు. ఏనుగు దంతాలతో చేసిన కుర్చీలు చూపించాడు. పల్చటి గాజు గిన్నెలు చూపించాడు. ముసుగు కప్పుకున్న పాలరాతి ఆమె ముందర చాలాసేపు ఆపాడు. రాతిలోనే ముసుగు, ఆ ముసుగు లోపల ముఖం. కాలేజీ అమ్మాయిలు ఫోటోలు తీస్తుంటే అవ్వ నెమ్మదిగా చుట్టూ తిరిగి వచ్చింది.

“రాయంటరేందే? వానకు తడిసిన కొంగు ఇది. ఇప్పుడే లోపటికి వచ్చింది.”

రిటైర్డ్ ఆయన తల ఊపాడు.

అక్కడి నుంచి పెద్ద గడియారం దగ్గరికి తీసుకెళ్లాడు. పన్నెండు కావస్తోంది. బెంచీల నిండా జనం, పిల్లలు తండ్రుల భుజాల మీద. గంట గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుందట. అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

“గంట కొట్టేది చూసేటందుకు గింత మందా?” అంది అవ్వ నా చెవిలో. “మా చర్చిల కొడితే ఒక్కడు రాడు.”

నవ్వాను. చిన్న బొమ్మ వచ్చింది. కొట్టడం మొదలుపెట్టింది. చుట్టూ జనం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నారు. నాకు పాండు బండి మా గేటు దగ్గర ఆగినట్టూ, సీసా మూత తీసినట్టూ కనిపిస్తోంది. పన్నెండో దెబ్బకు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తరువాత గాని మేము కంచు బొమ్మల గదికి వెళ్లలేదు.

హరీష్ ఒక పచ్చటి బొమ్మ ముందర ఆపాడు. “ఇసోంటియి మట్టిల దొరుకుతయి. వందల ఏండ్లు భూమిల ఉంటే ఇట్ల పచ్చగైతది. దీన్ని గీకి తియ్యరు. ఇది లోహానికి తోలు లెక్క, లోపలిదాన్ని కాపాడుతది.”

అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాలుగడుగులు వేసి ఆయన ఇంకో బొమ్మ చూపించాడు. అది పచ్చగా లేదు. గోధుమ రంగులో నున్నగా, కళ్లూ పెదాలూ సగం చెరిగిపోయి ఉంది. “పూజలున్న బొమ్మలు ఇట్లుంటయి. అభిషేకాలు, పండుగ పండుగకు చింతపండు పెట్టి తోముడు…”

“ఏంది సారూ? ఏం పెట్టి?”

“చింతపండమ్మా.”

అవ్వ నా చెయ్యి వదిలి ముందుకు వెళ్లింది. కళ్లు చిట్లించి ఆ ముఖాన్ని చూసింది. “ముక్కరిగింది” అంది. “నా అసోంటిదే ఎవతో జన్మంత తోమింది దీన్ని.”

అందరూ నవ్వారు. హరీష్ నవ్వలేదు. “అంతే అమ్మా. ఎన్ని చేతులో. అయినా దాన్ని గూడ ఈడ పెట్టిండ్రు చూడుండ్రి.”

అడగాల్సిన మాటను ఇంటి దగ్గర నుంచీ మనసులో కూర్చుకుంటూ వచ్చాను. కాని అవ్వే అడిగింది, అందరి ముందరా, తెల్లచీర కొంగు సర్దుకుని.

“సారూ, నేనొక తప్పు జేసిన. జర వినుండ్రి.”

అంతా చెప్పింది. నేను ఫోనులో రెండు ఫోటోలు చూపించాను. ఒకటి క్రిస్మస్ నాడు బొమ్మ పక్కన దిగింది, ఇంకొకటి తోమిన తరువాతది. ఆయన వేళ్లతో పెద్దది చేసి అటూ ఇటూ జరిపి చూశాడు. గుంపంతా మా చుట్టూ చేరింది.

“తోమినంక నీళ్లతోని మంచిగ కడిగిండ్రా?”

“రెండు బిందెలు గుమ్మరించిన. పొడిగుడ్డతోని తుడిచి గాలికి ఆరనిచ్చిన.”

“మంచి పని జేసినరు. చూడమ్మా, అబద్ధం చెప్ప. కొనేటోళ్ల లెక్కల దాని విలువ కొంత తగ్గింది. కాని బొమ్మకు దెబ్బ తాకలే. గీతలు అట్లనే ఉన్నయి, ముక్కుపుల్ల గూడ కనబడుతున్నది.”

“మళ్ల ముందటి లెక్క అయితదా సారూ?”

“ఆ పచ్చ రాకపోవచ్చు. నల్లగ మాత్రం అయితది. మెల్లగ, పదేండ్లకో పదిహేనేండ్లకో. గాలే చేస్తది ఆ పని. మనం ఏం పెట్టద్దు, ఏం పుయ్యద్దు.”

“యాసిడ్ పెడితే సార్?” అన్నాను. పొద్దుటి నుంచీ ఆ గుంపులో నేను నోరు విప్పింది అప్పుడే.

ఆయన నా వైపు తిరిగాడు. “పెడితే పోయినట్టే. లోపటి దాంక తింటది. ఆగమన్నా ఆగదు. ఎవరన్న పెడుతున్నరా ఏంది?”

అప్పటికే నేను బాపుకు ఫోన్ కలుపుతున్నాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. అమ్మకు చేశాను. ఎవరూ ఎత్తలేదు. మిగతా గదులు చూడకుండానే బయల్దేరాము. మెట్ల దాకా వచ్చి హరీష్ ఒక మాట చెప్పాడు. “ఓనర్లకు మీరే చెప్పుండ్రి. వాళ్లు అడిగే దాంక ఆగద్దు.”

తిరుగు ప్రయాణంలో బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. అవ్వ కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. నిద్ర కాదు, ప్రార్థన. జన్వాడ దారిలో ఆటో దిగేసరికి మా గేటు ముందర పాండు బండి ఉంది. వెనక సీటు మీద స్ప్రే కొట్టే కంప్రెసర్ లేదు, దాన్ని కట్టిన తాళ్లు ఖాళీగా వేలాడుతున్నాయి.

నేను పరుగెత్తాను. వరండాలో బొమ్మ తల మీది నుంచి బాపు తువ్వాల కప్పి ఉంది. మనుషులెవరూ లేరు. జామ చెట్ల కింద మాటలు వినిపిస్తే అటు వెళ్లాను. బాపూ పాండూ చెరో చెట్టుకు ఆనుకుని ఉన్నారు. మధ్యలో చాయ్ గ్లాసులు. పాండు ముఖం మాడిపోయి ఉంది.

“మీ బాపుకు జర చెప్పు చెల్లే. రమ్మంటడు, వచ్చినంక వద్దంటడు. ఆడ రెండు గేట్లు ఇడిసిపెట్టి వచ్చిన నేను.”

“పెట్టిండా బాపూ? యాసిడ్ పెట్టిండా?”

“మొదలు అడుగున పెట్టమన్న, ఎనుక దిక్కు, ఎవ్వరికి కనబడని తాన” అన్నాడు బాపు. నన్ను చూడకుండా గడ్డిపోచ తెంపుతున్నాడు. “పెట్టంగనే కుతకుతమన్నది. పొగ లేచింది. ముఖానికి గూడ గట్లనే పెడ్తవారా అన్న. గట్లనే అన్నడు. ఇగ నాకు చెయ్యి రాలే బిడ్డా.”

అక్కడే గడ్డి మీద కూర్చున్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఫోన్లు రెండూ లోపల ఛార్జింగ్‌లో ఉన్నాయట. అవ్వ మాతో మాట్లాడకుండా నేరుగా వరండాకు వెళ్లి, తువ్వాల తీసి, బొమ్మ వెనక మచ్చ మీద చెంబుతో నీళ్లు పోస్తూ కూర్చుంది. అర్ధరూపాయి అంత నల్లటి మచ్చ. బిందె అయిపోతే నేను ఇంకో బిందె తెచ్చిచ్చాను.

ఇక ఎవరికీ వేరే దారి వెతికే ఆలోచన లేదు. చెప్పేద్దామనుకున్నాము. ఫోనులో చెబితే మన ముఖం వాళ్లకు కనబడదని బాపు అన్నాడు. ఎదురుగానే చెప్పాలనుకున్నాము.

జూన్ మొదట్లో, తొలకరి పడిన మర్నాడు సేటు కారు వచ్చింది. మేము నలుగురమూ వరండా మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాము. సేటు ముందుగా దిగాడు. బొమ్మను చూసి రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు.

“వారెవ్వా సామేలూ! పాలిష్ కొట్టిచ్చినవా? ఇన్నేండ్లకు దీని ముఖం చూస్తున్న నేను. ఈమెకు చెప్పి చెప్పి యాష్టకొచ్చింది నాకు.”

బాపు నా వైపు చూశాడు. తను అవునని తల ఊపితే చాలు. సేటే మా తరఫున ఉన్నాడు. బాపు నోరు తెరిచాడు గాని ఏ మాట రాబోయిందో మాకు తెలియలేదు.

“పాలిష్ గాదు సేటూ” అంది అవ్వ. “నేనే తోమిన. శారదమ్మను అడగకుంట తోమిన.”

శారదమ్మ గారు చేతి సంచి మెట్టు మీద పెట్టారు. బొమ్మ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. చేయి ఎత్తారు గాని ముట్టుకోలేదు.

“మా నాయన చెయ్యి పడ్డ బొమ్మ ఇది” అన్నారు. “ఆయన పోయినంక నేను ఎవ్వరిని ముట్టనియ్యలే. నేను గూడ ముట్టలే.”

ఆమె కళ్లు తుడుచుకోవడం వెనక నుంచి చూశాను. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, నేను మొదలుపెట్టాను. పరదాల ఆమె అన్నది, పాండు, మ్యూజియం, మట్టిలో దొరికే బొమ్మలు, పూజలో ఉండే బొమ్మలు, హరీష్ చెప్పింది, అన్నీ చెప్పాను. వెనక మచ్చ సంగతి కూడా చెప్పాను. ఆమె వంగి దాన్ని చూశారు.

“అది నేను చేపిచ్చిన అమ్మా” అన్నాడు బాపు. “అవ్వ తప్పు తోముడే. ఇది నాది.”

ఆమె తిన్నగా నిలబడ్డారు. తరువాత అవ్వ వైపు తిరిగారు.

“దీనికోసం పట్నం దాంక పోయినవా పెంటమ్మా?”

“పోయిన బిడ్డా. దీని అక్కచెల్లెండ్లు మస్తు మందున్నరు ఆడ. అందరి ముంగట ఒప్పుకుని వచ్చిన.”

శారదమ్మ గారి పెదాల చివర ఏదో కదిలింది. నవ్వు అనడానికి లేదు. మెట్టు మీద కూర్చున్నారు.

“మళ్ల నల్లగయ్యేటందుకు ఎన్నేండ్లన్నడు ఆయన?”

“పదో, పదిహేనో అన్నరమ్మా” అన్నాను.

“అప్పటిదాంక ఎవ్వరు చెయ్యి పెట్టద్దు. ఈ వానకాలమే జల్లు పడకుంట ఇటు దిక్కు అడ్డం కట్టాలె. దుమ్ము పొడిగుడ్డతోని దులపాలె, అది గూడ నువ్వే సామేలూ. ఇంకొకళ్లు గాదు.”

బాపుకు వెంటనే అర్థం కాలేదు. “పదిహేనేండ్లా అమ్మా?” అన్నాడు.

“ఏం? ఎటన్న పోయే ఆలోచనున్నదా?”

“ఏడికి పోత అమ్మా.”

“నాకు అన్నేండ్లు యాడున్నయి బిడ్డా, అది నల్లగయ్యేది చూసేటందుకు?” అంది అవ్వ.

“చూస్తే చూడు. దగ్గరికి మాత్రం రాకు” అన్నారామె.

సేటు ఇంకా బొమ్మ ముందరే నిలబడి ఉన్నాడు. “నాకైతే మెరిసేదే మంచిగున్నది” అన్నాడు.

“మీరు లోపటికి నడువుండ్రి” అన్నారు శారదమ్మ గారు. “సామేలూ, డిక్కీల సామానున్నది. తెచ్చి లోపట పెట్టు.”

బాపు కారు దగ్గరికి వెళ్లాడు. రెండు సంచులు ఒక చేతికి తగిలించుకుని, పెట్టె భుజాన ఎత్తుకుని, మిగిలిన మూటను చంకలో ఇరికించుకుని, సాయానికి వెళ్లిన నాకు ఏమీ మిగల్చకుండా అన్నీ ఒక్క తడవకే మోసుకొచ్చాడు.